ఒక్కసారే వచ్చి ఆగిపోయే ఇంటరప్ట్: కెర్నెల్ ప్రాజెక్టు డైరీ, మిర్యాలగూడ

మే నెలాఖరు

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఖాళీ టైంలో నేనొక చిన్న కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం, రాసుకుంటున్నా. 64 బిట్ల ఇంటెల్ మెషీన్ల మీద నడుస్తుంది. పేజింగ్ (మెమరీని పేజీలుగా పంచే పద్ధతి), ప్రాసెస్‌లు, సాదాసీదా ఫైల్ సిస్టమ్, నాలుగు కోర్లనూ వాడుకుంటూ ఏ పని ఎప్పుడు నడవాలో తేల్చే షెడ్యూలర్ వరకు వచ్చింది. ఇప్పుడు చిక్కల్లా స్పీడు దగ్గరే. పెద్ద ఫైలు ఒకటి మొదటి నుంచి చివరిదాకా చదివే ప్రోగ్రాం నడిపితే ఉండాల్సిన దానికన్నా చాలా నెమ్మదిగా పోతోంది, టైం ఎక్కడ ఖర్చవుతోందో మాత్రం తెలియడం లేదు.

టైమర్ ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపి కెర్నెల్‌ను పిలిచే హార్డ్‌వేర్ సంకేతం) వచ్చినప్పుడల్లా ఆ క్షణంలో ఏ ఇన్‌స్ట్రక్షన్ నడుస్తోందో రాసుకునే పద్ధతి ఇంతకుముందే పెట్టాను. అది నాకు నమ్మకంగా అనిపించలేదు. షెడ్యూలర్ కూడా ఆ టైమర్ మీదే నడుస్తుంది కాబట్టి, టిక్‌తో పాటే లేచి తర్వాతి టిక్ వచ్చేలోపు పని ముగించుకుని పడుకునే కోడ్ ఆ లెక్కలో ఎప్పటికీ పడదు. అందుకే ప్రాసెసర్‌లోనే ఉండే పెర్ఫార్మెన్స్ కౌంటర్లకు మారుదామని ఈ పని మొదలుపెట్టాను.

ప్రతి కోర్‌లో కొన్ని కౌంటర్లు ఉంటాయి. సైకిళ్లు, పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్లు, క్యాష్ మిస్సులు (కావాల్సిన డేటా ప్రాసెసర్ దగ్గరి చిన్న మెమరీలో దొరకకపోవడం), ఏది లెక్కపెట్టమంటే అది లెక్కపెడతాయి. కౌంటర్‌లో మైనస్ పది లక్షలు పెట్టి వదిలితే పది లక్షల సైకిళ్ల తర్వాత సున్నా దాటుతుంది, అంటే ఓవర్‌ఫ్లో అవుతుంది, అప్పుడు ఇంటరప్ట్ కొడుతుంది. మా ఊళ్లో రైస్ మిల్లు దగ్గర లారీకి లోడెత్తేటప్పుడు గుమస్తా ప్రతి బస్తాకీ పేరు రాసుకోనక్కర్లేదు, పది బస్తాలకోసారి తలెత్తి అప్పుడు ఎవరి వీపు మీద బస్తా ఉందో చూసి వాళ్ల పేరు ముందు గీత పెట్టుకుంటే చాలు, లారీ నిండేసరికి ఎవరు ఎక్కువ మోశారో దాదాపుగా తేలిపోతుంది. ఇదీ అంతే. ఎటొచ్చీ ఆ తలెత్తే క్షణం సరిగ్గా పడాలి, ఈ డైరీ అంతా దాని గురించే.

మెషీన్: సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ల మార్కెట్) కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్, 4వ తరం ఐ5, 3.2 గిగాహెర్ట్జ్. మదర్‌బోర్డు మీద సీరియల్ పోర్టు పిన్నులున్నాయి, బ్రాకెట్ పెట్టి బయటికి తీశాను. కెర్నెల్ ఇమేజ్ ల్యాప్‌టాప్ నుంచి ల్యాన్ కేబుల్ మీదుగా బూట్ అవుతుంది, మాటిమాటికీ పెన్‌డ్రైవ్ పీకి పెట్టే పని లేదు.

జూన్ మొదట్లో, ఇంకా వర్చువల్ మెషీన్‌లోనే

డెస్క్‌టాప్ ముట్టుకోకముందు ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్ ప్రోగ్రాం మీద మొదలుపెట్టా. మొదట తెలుసుకోవాల్సింది సీపీయూఐడీ (ప్రాసెసర్ తన వివరాలు చెప్పే ఇన్‌స్ట్రక్షన్) హెక్స్ 0ఎ లీఫ్. అది ఈఏఎక్స్ రిజిస్టర్‌లో ఇచ్చే జవాబులో కింది 8 బిట్లు వెర్షన్, ఆ పై 8 కౌంటర్లు ఎన్నో, ఆ పై 8 కౌంటర్ ఎన్ని బిట్ల వెడల్పో చెబుతాయి. క్యూఈఎంయూ తన సొంత ఎమ్యులేషన్‌తో నడిస్తే ఇవన్నీ సున్నాలే, పీఎంయూ (ప్రాసెసర్‌లో ఈ కౌంటర్లుండే విభాగం) అసలు ఉండదు. కేవీఎం (వర్చువల్ మెషీన్‌ను అసలు ప్రాసెసర్ మీదే నడిపే లైనక్స్ భాగం) ఆన్ చేసి హోస్ట్ సీపీయూనే చూపించమంటేనే అసలు లెక్కలు వస్తాయి. 48 బిట్ల కౌంటర్లు కనిపించాయి.

ఆ తర్వాత సెటప్ చిన్నదే. ఎంఎస్ఆర్ (ప్రాసెసర్ సెట్టింగుల రిజిస్టర్) హెక్స్ 186లో ఈవెంట్ రాయాలి. ఆగకుండా నడిచిన సైకిళ్లకు ఈవెంట్ నంబరు 3సి, యూజర్ మోడ్‌కు 16వ బిట్, కెర్నెల్ మోడ్‌కు 17, ఇంటరప్ట్‌కు 20, ఎనేబుల్‌కు 22, అన్నీ కలిపితే హెక్స్ 53003సి. హెక్స్ సి1లో కౌంటర్ విలువ. హెక్స్ 38ఎఫ్‌లో సున్నా బిట్ పెడితే పరుగు మొదలు. ఇంటరప్ట్ ఏ వెక్టర్ (ఇంటరప్ట్ నంబరు) మీద రావాలో లోకల్ ఏపిక్‌లో, అంటే ప్రతి కోర్‌కూ ఉండే ఇంటరప్ట్ కంట్రోలర్‌లో, ఆఫ్‌సెట్ హెక్స్ 340 దగ్గరున్న ఎల్వీటీ (ఇంటరప్టుల సెట్టింగుల పట్టిక) ఎంట్రీలో రాయాలి.

కంటితో చూస్తూ నమ్మకం తెచ్చుకోవడానికి సెకనుకు ఒకటి వచ్చేలా పెడదామని కౌంటర్‌లో మైనస్ 3,20,00,00,000 రాశాను. ఒక్కటి కూడా రాలేదు. అదే మైనస్ పది లక్షలు పెడితే ధారాళంగా వస్తున్నాయి. తేడా అంకె సైజులోనే ఉంది కాబట్టి మాన్యువల్ తీసి చూస్తే విషయం బయటపడింది: కౌంటర్ 48 బిట్లదే అయినా, ఈ అడ్రస్ మీదుగా రాసేటప్పుడు కింది 32 బిట్లే లోపలికి వెళ్తాయి, పై బిట్లను 31వ బిట్ చూసి హార్డ్‌వేర్ తనే నింపుకుంటుంది. మైనస్ 320 కోట్ల కింది 32 బిట్లు తీస్తే 31వ బిట్ సున్నా. అంటే నేను పెట్టింది మైనస్ కాదు, దాదాపు 109 కోట్ల ప్లస్ అంకె. అక్కడి నుంచి 48 బిట్లు నిండాలంటే 3.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక రోజు పైనే పడుతుంది. ఇంటరప్ట్ పోలేదు, రేపు వస్తుంది! పూర్తి వెడల్పు రాయడానికి హెక్స్ 4సి1 దగ్గర వేరే అడ్రస్ ఉంది, ఎంఎస్ఆర్ హెక్స్ 345లో 13వ బిట్ ఉంటే దాన్ని వాడుకోవచ్చు. నాకు అంత పెద్ద పీరియడ్ రోజూ అవసరం పడదు కాబట్టి 2,14,74,83,647 దాటితే ఎర్రర్ ఇచ్చేలా ఒక చెక్ పెట్టి వదిలేశాను.

ఇంకో చిన్న సంగతి, టెస్ట్ చేసేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఈ ఈవెంట్ కోర్ హాల్ట్‌లో (పనిలేక నిద్రలో) ఉన్నప్పుడు లెక్కపెట్టదు. ఖాళీగా ఉన్న కోర్ మీద ఇంటరప్టులు రావట్లేదని కంగారు పడనక్కర్లేదు, ముందు ఒక ఖాళీ లూప్ తిప్పి చూడాలి.

జూన్ రెండో సగం, డెస్క్‌టాప్ మీద

ఇక్కడే డెస్క్‌టాప్ నన్ను బాగా తిప్పింది. వర్చువల్ మెషీన్‌లో వేలకు వేలు వస్తున్న ఇంటరప్టులు, అదే ఇమేజ్‌ను డెస్క్‌టాప్‌లో బూట్ చేస్తే కోర్‌కు సరిగ్గా ఒక్కటి వచ్చి ఆగిపోతున్నాయి. మెషీన్ చావలేదు, టైమర్ నడుస్తోంది, కౌంటర్ చదివితే అంకె కదులుతోంది కూడా.

ఇలాంటిది వచ్చినప్పుడు హ్యాండ్లర్ (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) కోడ్‌ను చూస్తూ కూర్చుంటే పని జరగదని నా గట్టి నమ్మకం. కౌంటర్ కదలడం, ఓవర్‌ఫ్లో బిట్ లేవడం, ఎల్వీటీ దాన్ని పంపడం, వెక్టర్ హ్యాండ్లర్‌కు చేరడం, ఈ నాలుగూ నాలుగు వేర్వేరు లంకెలు, దేనికది విడిగా పరీక్షించాలి. కౌంటర్ కదులుతోందని తెలుసు. ఇంటరప్ట్ ఆగిపోయాక హెక్స్ 38ఈ స్టేటస్ చదివాను, సున్నా బిట్ లేచి ఉంది, అంటే రెండో ఓవర్‌ఫ్లో జరిగింది, దాన్నెవరూ పట్టించుకోలేదు. హ్యాండ్లర్ వైపు బాగుందో లేదో చూడటానికి అదే వెక్టర్‌ను ఇంకో కోర్ నుంచి ఐపీఐగా (కోర్ నుంచి కోర్‌కు పంపే ఇంటరప్ట్‌గా) పంపాను, ఎన్నిసార్లు పంపినా వస్తోంది. మిగిలింది ఎల్వీటీ ఒక్కటే. నేను అందులో రాసింది 00000040. ఇంటరప్ట్ వచ్చి వెళ్లాక అదే రిజిస్టర్ చదివితే 00010040.

16వ బిట్. మాస్క్ బిట్, అంటే ఇంటరప్ట్‌ను ఆపేసే బిట్. దాన్ని నా కోడ్‌లో ఎక్కడా ఎవరూ రాయలేదు.

రాసింది హార్డ్‌వేరే. పెర్ఫార్మెన్స్ కౌంటర్ ఇంటరప్ట్‌ను అందించగానే లోకల్ ఏపిక్ తనంతట తానే ఆ ఎంట్రీని మాస్క్ చేసేస్తుందని ఇంటెల్ మాన్యువల్ 3వ వాల్యూమ్‌లో ఒకే ఒక్క వాక్యం ఉంది. టైమర్ ఎంట్రీకి ఈ అలవాటు లేదు. హ్యాండ్లర్ వెళ్లేముందు మాస్క్ తీసేస్తేనే రెండోది వస్తుంది. లైనక్స్ హ్యాండ్లర్‌లో ప్రతిసారీ ఆ రిజిస్టర్‌ను మళ్లీ రాసేది ఇందుకే, ఇంతకాలం అది నాకు జాగ్రత్త కోసం రాసిన లైన్‌లాగే కనిపించింది.

మరి వర్చువల్ మెషీన్‌లో ఎందుకు నడిచింది? ఈ ప్రశ్నకు సగం జవాబు నల్లగొండలో ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముడి ఫోన్‌లో దొరికింది. వాడు కూడా ఇదే కెర్నెల్‌ను బిల్డ్ చేసి ఆడుకుంటుంటాడు.

"అన్నా, నువ్వు చెప్పినట్టు ఆగుతలేవు. నా దగ్గర వస్తనే ఉన్నయి."

"దేంట్ల నడుపుతున్నవ్ రా?"

"వీఎంలనే. కానీ మొన్న హాస్టల్‌ల మా ఫ్రెండ్ ల్యాప్‌టాప్ మీద పెడితే ఒక్కటే వచ్చింది."

"వాని ల్యాప్‌టాప్ల కెర్నెల్ ఏ వెర్షన్?"

"కొత్తది పెట్టుకున్నడు అన్నా, వాడు ఎప్పుడూ కొత్తదే పెడ్తడు."

అదీ సంగతి. హార్డ్‌వేర్ చేసే ఆ ఆటోమేటిక్ మాస్కింగ్ కేవీఎం ఎమ్యులేషన్‌లో చాలాకాలం లేదు, 2023లో వచ్చిన ప్యాచ్‌తో చేర్చారు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది దానికన్నా పాత కెర్నెల్. అందుకే పాత కేవీఎం మీద మాస్క్ తీయని కోడ్ కూడా హాయిగా నడుస్తుంది, అసలు సిలికాన్ మీదా, కొత్త కేవీఎం మీదా ఒక్కసారే వచ్చి ఆగుతుంది. పీఎంయూ పని చేసేవాళ్లెవరైనా వర్చువల్ మెషీన్‌లో నడిచిందని సంబరపడకుండా ఒక పాత డెస్క్‌టాప్ పక్కన పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతా.

హ్యాండ్లర్‌లో వరస ఇలా స్థిరపడింది: 38ఈ చదవడం, అడ్రస్ రాసుకోవడం, కౌంటర్‌ను మళ్లీ మైనస్‌లో పెట్టడం, హెక్స్ 390లో రాసి ఓవర్‌ఫ్లో బిట్ దించడం, చివర్లో ఎల్వీటీ మాస్క్ తీయడం, ఈఓఐ (ఇంటరప్ట్ పని అయిపోయిందని ఏపిక్‌కు చెప్పడం). మాస్క్ తీయడం చివరికే ఉంచాను, పాత ఓవర్‌ఫ్లో పని ముగియకముందే తలుపు తెరిచిపెట్టడం నాకు ఇష్టం లేదు.

జులై, నాట్లు మొదలయ్యాయి

పొలాల్లో మోటార్లన్నీ ఒకేసారి నడుస్తున్నాయి, వోల్టేజీ పడిపోయి టెస్ట్ మధ్యలో డెస్క్‌టాప్ రీబూట్ అవుతోంది, మెమరీలో దాచిన శాంపిళ్లన్నీ గల్లంతు. యూపీఎస్ ఇంట్లోంచి పై గదికి మార్చాను.

ఇప్పుడు శాంపిళ్లు సజావుగా వస్తున్నాయి. ఫైలు చదివే ప్రోగ్రాం నడిపి, అడ్రస్‌లను ఫంక్షన్ పేర్లతో జతచేసి చూస్తే కెర్నెల్ శాంపిళ్లలో సగానికి పైగా ఒకే ఒక్క అడ్రస్ మీద పడ్డాయి. ఫంక్షన్ మీద కాదు, ఒకే ఇన్‌స్ట్రక్షన్ మీద. డిసాసెంబ్లీ (మెషీన్ కోడ్‌ను ఇన్‌స్ట్రక్షన్లుగా చూపే లిస్టు) తీస్తే అది స్పిన్‌లాక్ (ఒక్కసారికి ఒక్క కోర్‌నే లోపలికి పోనిచ్చే తాళం) వదిలే ఫంక్షన్ చివర ఉన్న రెట్, అంటే పిలిచిన చోటికి తిరిగెళ్లే ఇన్‌స్ట్రక్షన్. దాని పైన పాప్ఎఫ్‌క్యూ, దాని పైన పాత ఫ్లాగులను స్టాక్ మీద పెట్టే పుష్, దాని పైన లాక్ వేరియబుల్‌ను సున్నా చేసే మూవ్. మొత్తం నాలుగు లైన్ల ఫంక్షన్. ఒక రెట్ ఇన్‌స్ట్రక్షన్ కెర్నెల్ టైంలో సగం తినడం జరిగే పని కాదు.

రెట్ ముందున్న పాప్ఎఫ్‌క్యూ ఏం చేస్తుందో ఆలోచిస్తే ముడి విడిపోతుంది. లాక్ తీసుకునేటప్పుడు ఇంటరప్టులు మూసేస్తాం, వదిలేటప్పుడు పాప్ఎఫ్‌క్యూతో పాత ఫ్లాగులు తిరిగి పెడతాం. లాక్ పట్టుకుని ఉన్నంతసేపూ కౌంటర్ ఓవర్‌ఫ్లో అవుతూనే ఉంటుంది, ఇంటరప్ట్ మాత్రం గుమ్మం బయట ఆగి ఉంటుంది. పాప్ఎఫ్‌క్యూ అవగానే లోపలికి వస్తుంది, అప్పటికి స్టాక్ మీద పడే అడ్రస్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్, అంటే రెట్. లాక్ లోపల జరిగిన పనంతా రెట్ ఖాతాలో పడిపోతోంది. ఎస్టీఐ (ఇంటరప్టులు తెరిచే ఇన్‌స్ట్రక్షన్) వాడే చోట్ల కూడా ఇదే జరుగుతుంది, ఒక్కటే తేడా, ఎస్టీఐ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ కూడా నడిచాకే ఇంటరప్ట్ లోపలికి వస్తుంది కాబట్టి అడ్రస్ ఒక అడుగు ముందుకు పడుతుంది.

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. కౌంటర్ అంకె సరైనదే, ఓవర్‌ఫ్లో సరైన సైకిల్ దగ్గరే జరిగింది, అయినా రిపోర్ట్ తప్పు. ఎందుకంటే ఏ కోడ్‌ను పట్టుకోవాలని ఈ పని పెట్టుకున్నామో ఆ కోడ్ చేతిలోనే ఇంటరప్ట్‌ను ఆపే తాళం ఉంది. టైమర్ ప్రొఫైల్‌కూ ఇదే జబ్బు ఉందని ఇప్పుడు తెలుస్తోంది. కెర్నెల్ మూసివేయలేని ఇంటరప్ట్ కావాలి, అంటే ఎన్ఎంఐ.

జులై చివర, ఎన్ఎంఐ

ఎల్వీటీలో డెలివరీ మోడ్ బిట్లు 8 నుంచి 10 వరకు, అందులో 100 పెడితే ఎన్ఎంఐ అవుతుంది, వెక్టర్ నంబరును పట్టించుకోదు, 2 మీదే వస్తుంది. ఈఓఐ కూడా అక్కర్లేదు. మార్చింది ఒక్క లైను. కానీ ఆ ఒక్క లైనుతో కెర్నెల్‌లో ఏ ఇన్‌స్ట్రక్షన్ మధ్యనైనా హ్యాండ్లర్ దూరవచ్చు, అందుకని దాని చుట్టూ ఉన్నదంతా మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

మొదటిది, హ్యాండ్లర్‌లో ఏ లాకూ పట్టుకోకూడదు. ప్రింట్ ఫంక్షన్ సీరియల్ లాక్ పట్టుకుంటుంది. అదే కోర్ ఆ లాక్ పట్టుకుని ఉండగా ఎన్ఎంఐ వచ్చి మళ్లీ అదే లాక్ కోసం తిరిగితే అక్కడితో ఆ కోర్ కథ ముగిసినట్టే. ప్రింట్ అసలు వద్దనడానికి ఇంకో లెక్క కూడా ఉంది. 1,15,200 బాడ్ సీరియల్ మీద సెకనుకు 11,520 అక్షరాలు పోతాయి. పది లక్షల సైకిళ్లకో శాంపిల్ అంటే కోర్‌కు సెకనుకు 3,200, ఒక్కో అడ్రస్‌కు 16 అంకెలూ లైన్ ఎండింగూ కలిపి 18 అక్షరాలనుకున్నా 57,600 అవుతాయి. సీరియల్ దానికి ఏ మూలకూ చాలదు. అందుకని కోర్‌కో బఫర్, ఆ కోర్ ఎన్ఎంఐ హ్యాండ్లర్ తప్ప అందులో ఇంకెవరూ రాయరు, టెస్ట్ అయ్యాక తీరిగ్గా సీరియల్ మీద పంపుకుంటా.

రెండోది స్టాక్. యూజర్ ప్రోగ్రాం సిస్కాల్ చేసినప్పుడు, అంటే కెర్నెల్‌ను ఏదైనా పని అడిగినప్పుడు, ప్రాసెసర్ కెర్నెల్ మోడ్‌లోకి వస్తుంది గానీ స్టాక్ పాయింటర్ మారదు, మనం మార్చేదాకా అది యూజర్ స్టాకే. మామూలు ఇంటరప్టులను ఆ సందులో ఆపగలం, ఎన్ఎంఐని ఆపలేం. అది యూజర్ స్టాక్ మీద కెర్నెల్ ఫ్రేమ్ పెట్టేస్తుంది. కాబట్టి టీఎస్ఎస్‌లో (ఏ స్టాక్ వాడాలో ప్రాసెసర్‌కు చెప్పే పట్టిక) ఐఎస్టీ అనే ఎంట్రీ ద్వారా ఎన్ఎంఐకి విడిగా స్టాక్ ఇచ్చాను. దానితో ఇంకో నియమం వస్తుంది: హ్యాండ్లర్‌లో పేజ్ ఫాల్ట్ (మెమరీలో లేని పేజీని ముట్టుకుంటే వచ్చే ఆటంకం) రాకూడదు. ఫాల్ట్ నుంచి ఐరెట్ ఇన్‌స్ట్రక్షన్‌తో తిరిగొస్తే, ఒక ఎన్ఎంఐ నడుస్తుండగా ఇంకోటి రాకుండా ఆపే బ్లాకింగ్ తొలగిపోతుంది, వెంటనే ఇంకో ఎన్ఎంఐ వచ్చి అదే స్టాక్ మీద మొదటిదాన్ని తుడిచేస్తుంది. యూజర్ స్టాక్ నడిచి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో ఆ వరస) తీయాలన్న కోరిక అందుకే ప్రస్తుతానికి పక్కన పెట్టాను, ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్ ఒక్కటే రాసుకుంటున్నా.

మూడోది జీఎస్ (కోర్‌కో డేటా ఎక్కడుందో చూపే రిజిస్టర్), ఇది దొరకడానికి టైం పట్టింది. ఇవన్నీ పెట్టాక కూడా ఎప్పుడో ఒకసారి, ఫైలు టెస్ట్ చాలాసేపు నడిచాక, కోర్‌కో బఫర్ అడ్రస్ చెత్తగా వచ్చి కెర్నెల్ కూలిపోయేది. పడినప్పుడల్లా ఆపిన అడ్రస్ ఒకటే, సిస్కాల్ ఎంట్రీలో మొట్టమొదటి ఇన్‌స్ట్రక్షన్, అంటే యూజర్ జీఎస్‌ను తీసి కెర్నెల్‌ది పెట్టే స్వాప్‌జీఎస్ ఇంకా నడవలేదు. హ్యాండ్లర్ ఫ్రేమ్‌లో సీఎస్ (ఆగినప్పుడు ఏ మోడ్‌లో ఉందో చెప్పే రిజిస్టర్) చూసి కెర్నెల్ మోడ్ కాబట్టి జీఎస్ మనదే అనుకుంటోంది, నిజానికి అది ఇంకా యూజర్‌ది. పది లక్షల సైకిళ్లకో శాంపిల్ సరిగ్గా ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ మీద పడాలి కాబట్టి అరుదు, కానీ సిస్కాల్స్ ఎక్కువగా ఉంటే పడి తీరుతుంది. ఎన్ఎంఐ ఎంట్రీలో సీఎస్‌ను నమ్మడం మానేసి, జీఎస్ బేస్ ఎంఎస్ఆర్ నేరుగా చదివి, పై బిట్ ఉంటే కెర్నెల్‌ది, లేకపోతే స్వాప్ చేసి వెళ్లేముందు మళ్లీ స్వాప్ చేసేలా మార్చాను. పీరియడ్‌ను బాగా తగ్గించి, ఏ పనీ లేని సిస్కాల్‌ను ఆగకుండా పిలిచే ప్రోగ్రాంతో రాత్రంతా నడిపాను. పొద్దునకి కూడా నిలబడే ఉంది.

ఆగస్టు

అదే ఫైలు, అదే ప్రోగ్రాం, ఎన్ఎంఐ శాంపిళ్లు. రెట్ మీద ఉన్న గుట్ట కరిగిపోయింది. ఆ శాంపిళ్లన్నీ ఇప్పుడు పేజీలు కేటాయించే ఫంక్షన్‌లో, ఖాళీ పేజీ కోసం బిట్‌మ్యాప్ (పేజీకో బిట్ ఉండే పట్టిక) వెతికే లూప్‌లో పరుచుకున్నాయి. లాక్ పట్టుకుని, ఇంటరప్టులు మూసి, ప్రతిసారీ బిట్‌మ్యాప్ మొదటి నుంచి వెతుకుతోంది. మెమరీ నిండేకొద్దీ ఖాళీ పేజీ దూరంగా ఉంటుంది కాబట్టి వెతుకులాట పెరుగుతూ పోతుంది. ఫైలు చివరికొచ్చేసరికి మరీ నెమ్మదించడం నేను మొదటి నుంచీ చూస్తున్నదే.

లూప్ లోపల కూడా శాంపిళ్లు ఎక్కువ పడింది మెమరీ నుంచి తెచ్చుకునే ఇన్‌స్ట్రక్షన్ మీద కాదు, దాని తర్వాతి పోలిక మీద. ఎన్ఎంఐ అయినా ఓవర్‌ఫ్లో నుంచి ఇంటరప్ట్ తగిలేలోపు కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు జారిపోతాయి, దీన్ని స్కిడ్ అంటారు. ఫంక్షన్ స్థాయిలో చూస్తే ఇబ్బంది లేదు. ఇన్‌స్ట్రక్షన్ స్థాయిలో వేలు పెట్టి చూపించాలంటే మాత్రం ఒకటి రెండు అడుగులు వెనక్కి కూడా చూడాలి.

పోయినసారి ఖాళీ పేజీ ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకుని అక్కడి నుంచే వెతికేలా మార్చాను. ఆ ఫంక్షన్ ఇప్పుడు లిస్టులో కిందికి దిగింది, పైకొచ్చింది డిస్క్ బఫర్ నుంచి యూజర్ బఫర్‌కు కాపీ చేసే కోడ్, ఫైలు చదివే పనిలో అది పైన ఉండటం న్యాయమే.

మిగిలింది ఒకటుంది. సైకిళ్లతో పాటు క్యాష్ మిస్సుల కౌంటర్ కూడా పెడితే అప్పుడప్పుడూ స్టేటస్ సున్నాతో ఒక ఎన్ఎంఐ వస్తోంది. రెండు కౌంటర్లు దగ్గర దగ్గరగా ఓవర్‌ఫ్లో అయితే మొదటి ఎన్ఎంఐలోనే రెండిటి పనీ అయిపోతుంది, ఈలోపు రెండోది లోపలే పెండింగులో పడి ఉంటుంది, ఐరెట్ అవగానే ఖాళీ చేతులతో వస్తుంది. ఇప్పుడున్న కోడ్ దాన్ని తెలియని ఎన్ఎంఐ అని ప్యానిక్ చేస్తోంది, అంటే కెర్నెల్‌నే ఆపేస్తోంది. ఒకే ఎన్ఎంఐలో ఒకటికన్నా ఎక్కువ ఓవర్‌ఫ్లోలు తీర్చితే, వెంటనే వచ్చే తర్వాతి ఖాళీదాన్ని ఒక్కదాన్ని మింగేసి, అంతకుమించి వస్తేనే ప్యానిక్ చేసేలా మారుస్తున్నా. ప్యాచ్ సగం అయింది, తమ్ముడి హాస్టల్ ఫ్రెండ్ ల్యాప్‌టాప్ మీద కూడా నడిపి చూశాక కోడ్ ట్రీలో కలుపుతా.